తిరుగు గొలుసు

పడవ ఒడ్డు తాకకముందే అరిందముడు నీళ్ళలోకి దూకాడు. నెత్తిన మూట, మూటలో చుట్టి దాచిన ఖడ్గం, నుదుట వంకరగా దిద్దుకున్న విభూతి రేఖలు. వైజయంతీ రాజ్యపు యువరాజు ఆ ఉదయం అచ్చం గురుకులం నుంచి తరిమేసిన విద్యార్థిలా ఉన్నాడు. వేషం కుదిరిందనుకుని మురిసిపోయాడు గాని, నిజానికి చిన్నప్పుడు గణితపాఠం మొదలవగానే కిటికీ దూకి పారిపోయినవాడికి ఆ వేషం కోసం పెద్దగా శ్రమపడవలసిన పని లేదు.

అంతటివాడు ఇప్పుడు కోరి కోరి గణితం వెతుక్కుంటూ వచ్చాడంటే కారణం అతని అక్క హేమలేఖ. ధూమ్రజటుడనే మాంత్రికుడు అతిథిగా కొలువుకు వచ్చి ఆమెతో చదరంగం ఆడి ఓడిపోయాడు. ఓడినందుకు కాదు, ఓడాక ఆమె పకపకా నవ్వినందుకు అతని ఒళ్ళు మండింది. కన్నుమూసి తెరిచేలోగా ఆమెను ఎత్తుకుపోయి సముద్రం నడుమ ఉన్న వలయదుర్గంలో బంధించాడు. రాబోయే పున్నమి దాటితే ఆమె శిలగా మారిపోతుంది. తాళపుచెవి ఏమిటో తలుపు మీద చెప్పకపోతే బంధన మంత్రం పారదు. అందుకని మాంత్రికుడు ఆ ఇనుప తలుపు మీద ఇలా చెక్కించాడు: "ఎటు తిప్పి కొలిచినా ఒకే వెడల్పు ఉండాలి. వృత్తం కాకూడదు. అటువంటి ఆకారం తాకితే తెరుచుకుంటాను."

వైజయంతీ పండితులంతా గడ్డాలు నిమురుకుని, "అలాంటిది లక్షణమండపంలో దొరకాలి, లేదా ఎక్కడా దొరకదు," అని తేల్చేశారు. అరిందముడు ఆ పూటే పడవెక్కాడు.

లక్షణమండపం సముద్రతీరాన కొండను తొలిచి కట్టిన మహాసౌధం. లోపలికి అడుగుపెట్టగానే యువరాజు నోరు తెరుచుకుని ఉండిపోయాడు. నింగిని తాకే స్తంభాలు, స్తంభానికీ స్తంభానికీ నడుమ సాలెగూడులా అల్లుకున్న ఇత్తడి గొలుసులు, ఆ గొలుసుల చివర ఉసిరికాయంత మొదలుకొని ఏనుగు తలంత వరకు గంటలు. గోడల నిండా తేనెపట్టులోలా గూళ్ళు. ఒక్కో గూటిలో ఒక్కో వింత వస్తువు: పలకలు తీరిన స్ఫటికాలు, మడతలు పడ్డ రాగిరేకులు, తమలోంచి తామే దూరి బయటికి వచ్చిన పట్టుతాళ్ళు, అంకెలు చెక్కిన దంతపు బిళ్ళలు. సూర్యకిరణాలు పైకప్పు రంధ్రాలలోంచి జారి ఆ స్ఫటికాల మీద పడి, తెల్లని నేల మీద నెమలిపింఛాలు పరిచాయి. ఏడు రాజ్యాల నుంచి వచ్చిన స్త్రీలు, పురుషులు, ముసలివాళ్ళు, పడుచువాళ్ళు నిచ్చెనలెక్కి ఎవరి వస్తువు వారు గూళ్ళలో అమర్చుతున్నారు. ఎవరి గొలుసు వారు కడుతున్నారు. ఎవరి గొంతు వారు చించుకుంటున్నారు.

గుమ్మంలో ఎత్తుపీట మీద ఒక స్థూలకాయురాలు కూర్చుని వేయించిన శనగలు నములుతోంది. మండపానికి అధికారిణి శ్రుతకీర్తి ఆమే.

"ఆగు నాయనా! ఉత్త చేతులతో లోపలికి పోకూడదు. ఒక వస్తువైనా చేర్చాలి, ఒక సూత్రమైనా చెప్పాలి, లేదా ఉన్నదాన్ని ఆక్షేపించాలి. ఏం తెచ్చావు?"

అరిందముడు నోటికి వచ్చిన మాట అనేశాడు. "కోడిగుడ్డుకు మూలలు లేవమ్మా!"

"అది మా ముత్తవ్వ కాలంలోనే చేర్చారు."

"బాతుగుడ్డుకు?"

శ్రుతకీర్తి నమలడం ఆపింది. విభూతి రేఖల నుంచి తడి చెప్పుల దాకా అతన్ని పరికించింది. "నువ్వు విద్యార్థివి కావు. చేతికి కత్తి పిడి కాయలు కాశాయి. నిజం చెప్పు, లేకపోతే వెనక్కి పో."

అబద్ధమాడటంలోనూ తనకు పాఠం రాలేదని యువరాజుకు అర్థమైంది. పీట దగ్గర కూలబడి అక్క సంగతంతా చెప్పాడు. వింటున్నకొద్దీ శ్రుతకీర్తి ముఖం మెత్తబడింది. చివరికి శనగలు కొంగున కట్టి లేచింది.

"రా. నీ కథే నువ్వు తెచ్చిన వస్తువనుకుంటాను. కావలసింది వెతుక్కోవడం ఎలాగో చూపిస్తాను."

వాళ్ళు నడుస్తుంటే దారికి అడ్డంగా ఇద్దరు పండితులు జుట్టూ జుట్టూ పట్టుకుని ఉన్నారు. ఇద్దరి చేతుల్లోనూ ఒక్కలాంటి రాగిరేకే ఉంది. "ఇది గోముఖం!" అని ఒకడు, "కాదు, నౌకాంగం!" అని రెండోవాడు. శ్రుతకీర్తి వాళ్ళను మోచేతులతో విడదీసింది.

"చూశావా? ఒక్కో రాజ్యంలో ఒక్కో పేరు. పేర్లను బట్టి సర్దితే ఈ మండపం యుద్ధభూమి అవుతుంది. అందుకే మేం పేరడగం. లక్షణం అడుగుతాం. మూలలున్నాయా? మడిచినా మారదా? ఒక ముక్కేనా, రెండా? ఒక్కో లక్షణానికి ఒక్కో గంట. గంట కొడితే ఆ లక్షణం ఉన్న వస్తువులన్నీ వెలుగుతాయి. ఇంకో గంట నాలుకను గట్టిగా పట్టుకుంటే ఆ లక్షణం ఉన్నవి ఆరిపోతాయి. చివరికి మిగిలిందే నీకు కావలసింది."

"మరి ఈ గొలుసులు?"

"అవే సూత్రాలు. వృత్తమైతే దానికి ఎటు చూసినా వెడల్పు ఒకటే కదా? అందుకని వృత్తపు గంట నుంచి సమవిస్తారపు గంటకు గొలుసు కట్టాం. మొదటిది మోగితే రెండోది దానంతట అదే మోగుతుంది. ఎవరైనా కొత్త వృత్తం తెచ్చి పెడితే, దాని వెడల్పు సంగతి మేం మళ్ళీ రాసుకోనక్కరలేదు. గొలుసే చూసుకుంటుంది. ఇంతమంది ఇన్ని తెస్తుంటే ఈ మాత్రం తెలివి లేకపోతే ఎలా చెప్పు?"

అరిందముడు ఆత్రంగా సమవిస్తారపు గంటను లాగి మోగించాడు. గోడల నిండా గూళ్ళు దీపాల్లా వెలిగాయి. వెంటనే వృత్తపు గంట నాలుకను రెండు చేతులతో బిగించి పట్టుకున్నాడు. ఒక్కసారిగా గూళ్ళన్నీ ఆరిపోయాయి. కొండంత మండపంలో మిణుగురంత వెలుతురు కూడా మిగలలేదు.

"లేదు నాయనా," అంది శ్రుతకీర్తి మెల్లగా. "అలాంటిది లేదు."

"లేకపోవడమా, ఇంకా ఎవరూ తేకపోవడమా?"

"లేకపోవడమే. అదుగో, ఆ రెండో గొలుసు చూడు. సమవిస్తారం నుంచి వృత్తానికి తిరుగు గొలుసు. వెడల్పు ఎటైనా ఒకటే అయితే అది వృత్తమే అని దానర్థం. ఆ గొలుసు ఉన్నంతకాలం నువ్వడిగేది ఉండే వీల్లేదు."

"ఎవరు కట్టారు దాన్ని?"

"నేనే కట్టాను," అని తేనెలో ముంచి తీసిన గొంతు పలికింది.

స్తంభం పక్కన, బిరుసెక్కిన పెద్ద పులితోలు మీద బాసింపట్టు వేసుకుని, ఆకుపచ్చ తలపాగా చుట్టుకున్న పండితుడొకడు కూర్చుని ఉన్నాడు. పేరు మధురవాగ్మి. "వెళ్ళడానికి గొలుసు ఉన్నప్పుడు రావడానికి కూడా ఉంటేనే అందం, ఏమంటారు? ఒంటిచెవి పోగులా ఒక్క గొలుసేమిటని పోయిన వర్షాకాలంలో ఇది కట్టాను. అందరూ బాగుందన్నారు."

"బాగుందనే అన్నాం," అని శ్రుతకీర్తి గొణిగింది. "నిరూపణ తరవాత తెస్తానన్నారు. ఎవరూ ఆక్షేపించలేదు. ఉండనిచ్చాం."

అరిందముడికి నిరూపణ అంటే ఏమిటో సరిగా తెలియదు గాని, అన్నం పెట్టకుండా విస్తరి వేసి వెళ్ళిపోయినవాణ్ణి చూస్తే వచ్చే కోపం లాంటిదేదో వచ్చింది. అక్క ముఖం కళ్ళముందు కదిలింది. మూట విప్పాడు. ఖడ్గం తళుక్కుమంది.

"వద్దు!" అని శ్రుతకీర్తి అరిచేలోగానే ఖణేల్మని గొలుసు మీద వేటు వేశాడు.

గొలుసు చెక్కుచెదరలేదు. కాని స్తంభాల పైనుంచి ముగ్గురు ఇత్తడి మరుగుజ్జులు దభీదభీమని కిందికి దూకారు. మోకాలెత్తు మనుషులు, గుమ్మడికాయల్లాంటి తలలు, చేతుల్లో ఈటెలు. కారణం చెప్పకుండా గొలుసు మీద చెయ్యి వేసేవాళ్ళ పని పట్టే యంత్రభటులు వాళ్ళు. కన్నుమూసి తెరిచేలోగా యువరాజును మూడువైపులా చుట్టుముట్టి, పాదాలు నేలకు దిగేసుకుని నిలబడ్డారు. వాళ్ళను చేసిన శిల్పి మహాజాగ్రత్తపరుడు. ఒకడి ఈటె కొన సరిగ్గా పక్కవాడి బొటనవేలి దాకా వచ్చి ఆగుతుంది, గాయం చెయ్యదు. లోపల చిక్కినవాడి సంగతి మాత్రం ఆయన పట్టించుకోలేదు.

మొదటివాడు బొంగరంలా కదిలాడు. ఈటె కొన నేల మీద రవ్వలు రాలుస్తూ రెండోవాడి కాలి నుంచి మూడోవాడి కాలి దాకా గీసుకుంటూ పోయింది. అరిందముడు ఎగిరి తప్పించుకున్నాడు. దిగేసరికి రెండోవాడి ఈటె పిక్కకు చురుక్కుమని తగిలింది. అటు గెంతితే మూడోవాడు. మళ్ళీ మొదటివాడు. కాలు ఎక్కడ పెడితే అక్కడికే కొన వచ్చి తాకుతోంది, వెంట్రుకవాసి ఎక్కువా లేదు, తక్కువా లేదు. వైజయంతిలో మల్లయోధులను మట్టి కరిపించినవాడు, ఏడు రాజ్యాల పండితుల ఎదుట వేడి పెనం మీద పేలపుగింజలా ఎగిరాడు. నిచ్చెనల మీదివాళ్ళు గణితం మరిచి చప్పట్లు కొట్టారు.

"ఆక్షేపిస్తున్నానను! సాక్ష్యం తెస్తానను!" అని శ్రుతకీర్తి గొంతు చించుకుని అరిచింది. "ఆ మాట అంటేనే ఆగుతారు!"

"ఆక్షేపిస్తున్నాను! తెస్తాను, ఏదో ఒకటి తెస్తాను తల్లీ!"

మరుగుజ్జులు ఠక్కున ఆగిపోయారు. అరిందముడు వాళ్ళ నడుమ చతికిలబడ్డాడు. అధికారిణి ఒక అగరువత్తి వెలిగించి నేలలో గుచ్చింది.

"ఇది కాలిపోయేలోగా సాక్ష్యం చూపాలి. ఆ గొలుసు తప్పని తేల్చడానికి ఒక్క వస్తువు చాలు. అది తేలేవరకు గొలుసు కట్టినవాడు మండపం దాటడానికి లేదు. కూర్చో మధురవాగ్మీ!"

లేవబోయిన మధురవాగ్మి నవ్వు పులుముకుని కూర్చున్నాడు. "ఒక్కటేం ఖర్మ, పది తెమ్మనండి. చతురస్రం తెస్తాడు, మూల నుంచి మూలకు కొలిస్తే వెడల్పు పెరుగుతుంది. కోడిగుడ్డు తెస్తాడు, పొడుగు ఎక్కువ. పాపం, బాతుగుడ్డు కూడా తెస్తాడేమో!"

అందరూ నవ్వారు. అరిందముడు వాపెక్కిన పిక్కలు రుద్దుకుంటూ తల దించుకున్నాడు. అప్పుడు కనబడింది నేల మీది గీత.

ఈటెల కొనలు గీసిన మూడు వంపులు మూడు మూలల దగ్గర కలిసి, ఉబ్బిన సమోసా లాంటి ఒక ఆకారం ఏర్పడింది. మూలలున్నాయి, కాబట్టి వృత్తం కాదు. అది పసిపిల్లలకైనా తెలుస్తుంది. మరి వెడల్పు? యువరాజు తన పిక్కల వైపు చూసుకున్నాడు. ఈ మూలనున్నవాడి ఈటె, ఎదుటి వంపు మీద తాను ఎక్కడ నిలబడినా సరిగ్గా తగిలింది. ఆ మూలవాడిదీ అంతే. ఎక్కడికి పోయినా ఒకే ఈటె దూరం! పుస్తకంలో ఉంటే జన్మలో బుర్రకెక్కని సంగతి కాళ్ళకు పొడిచి పొడిచి చెప్పేసరికి తలకెక్కింది.

"అమ్మా!" అని గావుకేక పెట్టి లేచాడు. "వెడల్పు కొలిచే పనిముట్టు ఏదైనా ఉందా?"

"రెండు తిన్నని బద్దలు, నడుమ ఎడం మారకుండా బిగించిన చట్రం ఉంది. ఆ ఎడం మనకు కావలసినంత పెట్టుకోవచ్చు. కాని నేలను ఎత్తి చట్రంలో పెట్టలేం కదా నాయనా. వస్తువు కావాలి."

అరిందముడు చుట్టూ చూశాడు. మధురవాగ్మి కింద ఉన్న పులితోలు కంటికి ఆనింది. ఒక్క గెంతులో మరుగుజ్జుల మీదుగా దూకి, దాని తోక పట్టుకుని బలంకొద్దీ లాగాడు.

పండితుడు వెల్లకిలా పడ్డాడు. అతని వీపు కింద ఇంతసేపూ పాములా చుట్టచుట్టుకుని ఉన్న నల్లని జడ ఒకటి విప్పుకుని గాలిలోకి లేచింది. అది వెంట్రుకల జడ కాదు, పొగ. మండపమంతా దగ్గులు మొదలయ్యాయి.

"సాంబ్రాణి! తలంటుకున్నాక సాంబ్రాణి ఎక్కువైంది!" అని అతను తలపాగా సర్దుకున్నాడు.

అరిందముడి చెయ్యి ఖడ్గం పిడి మీదికి పోయింది. పొగజడవాడు లోకంలో ఒక్కడే ఉన్నాడు, అక్కను ఎత్తుకుపోయినవాడు. కాని అగరువత్తి సగానికి పైగా కాలిపోయింది. పగ తీర్చుకోవడానికి తరవాత తీరిక ఉంటుంది. పులితోలును గీత మీద బిర్రుగా పరిచి, తాను బయటికి తప్పుకుని, కాలి చెప్పు తీసి గురిచూసి గొలుసు మీదికి విసిరాడు.

ఠంగుమంది. మరుగుజ్జులు మళ్ళీ గిర్రున తిరిగారు. మూడు ఈటెలు మూడు వంపులు కోశాయి. పులితోలు నడుమ నుంచి ఉబ్బిన ముక్కోణపు బిళ్ళ ఒకటి సాఫుగా తెగి వచ్చింది.

శ్రుతకీర్తి ఈటెతో సరిచూసుకుని చట్రపు బద్దలు బిగించింది. బిళ్ళను వాటి నడుమ పెట్టి మెల్లగా తిప్పసాగింది. నిచ్చెనల మీదివాళ్ళంతా దిగి మూగారు. ఇంతకుముందు జుట్లు పట్టుకున్న ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు గడ్డం ఆనించి చూస్తున్నారు. బిళ్ళ తిరిగింది. ఒక మూల ఈ బద్దను ముద్దాడితే, ఎదుటి వంపు ఆ బద్దను తాకింది. ఎటు తిప్పినా రెండు వైపులా తాకుతూనే ఉంది. ఎక్కడా బిగుసుకోలేదు, ఎక్కడా వదులు కాలేదు.

"ఇది... ఇది వృత్తం కాదు కదా?" అంది ఆమె, నమ్మలేనట్టు.

"మూల పొడుచుకుంటే తెలుస్తుందమ్మా," అన్నాడు అరిందముడు.

ఆమె ఆ బిళ్ళను ఖాళీ గూటిలో తగిలించి సమవిస్తారపు గంట మోగించింది. గూటిలో బిళ్ళ వెలిగింది. తిరుగు గొలుసు వృత్తపు గంటను లాగింది. ఆ గంట మూగబోయి బిగుసుకుంది, అబద్ధానికి గొంతు కలపనని మొండికేసినట్టు. గొలుసు సాగింది, మూలిగింది, ఎర్రగా కాగింది, ఫెళ్ళున తెగి నేలపాలైంది. దాని పక్కనే వృత్తం నుంచి సమవిస్తారానికి కట్టిన పాత గొలుసు మాత్రం ఏమీ ఎరగనట్టు నిశ్చలంగా వేలాడుతోంది. ఏడు రాజ్యాల వాళ్ళూ ఒక్క పెట్టున హర్షధ్వానం చేశారు.

ఆ సంబరంలో తలపాగా ఎగిరిపోయింది. దాని కింద జడలు జడలుగా పొగ. ధూమ్రజటుడు తాటిచెట్టంత పెరిగి, రెండు తలల గండభేరుండమై రెక్కలు విప్పాడు. ఆ గాలికి గంటలన్నీ ఒక్కసారి గగ్గోలు పెట్టాయి. గూటిలోని బిళ్ళను ఒక ముక్కుతో కరుచుకుని, పైకప్పు బద్దలు కొట్టుకుని ఆకాశానికి లేచాడు.

లేచాక గాని అతనికి తెలియలేదు, కుడికాలు బరువుగా ఉందని.

"వదలరా కుర్రకుంకా!" అంది ఒక తల. రెండో తల నోట్లో బిళ్ళ ఉండటం వల్ల ఉరిమి మాత్రం చూసింది.

"మా అక్కను వదిలితే వదులుతాను!" అని ఒక చేత్తో ఖడ్గం, రెండో చేత్తో ఆ కాలు పట్టుకుని వేలాడుతూ అరిందముడు అరిచాడు. కింద సముద్రం నీలిపట్టు చీరలా పరుచుకుంది. ఒడ్డున నిలబడ్డవాళ్ళు ఆటబొమ్మలంత అయ్యారు.

"ఇదే కదా నీ తాళపుచెవి? చూసుకో!" రెండో తల నోరు తెరిచింది. పులితోలు బిళ్ళ గింగిరాలు తిరుగుతూ పోయి నడిసముద్రంలో మునిగింది. మాంత్రికుడు రెండు గొంతులతో వికటంగా నవ్వాడు.

అరిందముడు కూడా నవ్వాడు. అతనికి కడుపుబ్బ నవ్వు వచ్చింది.

"ఎందుకు నవ్వుతావు? భయంతో మతి పోయిందా?"

"వెనక్కి తిరిగి ఒడ్డు చూడు!"

ఒక తల వెనక్కి తిరిగింది. తీరం పొడుగునా ఇసుకలో మూడేసి మేకులు పాతి, తాడు బిగించి, పండితులు అదే ఆకారాన్ని గీస్తున్నారు. చిన్నవి, పెద్దవి, పడవంతవి, పళ్ళెమంతవి. శ్రుతకీర్తి కొంగు నడుముకు చుట్టి ఒక చెక్కపలక కోయిస్తోంది. అప్పుడే ఒక పడవ తెరచాప ఎత్తుతోంది.

"మండపంలో చేరినదాన్ని నువ్వేం దొంగిలిస్తావు? తోలే కదా పోయింది! ఎలా చెయ్యాలో ఇప్పుడు అందరికీ తెలుసు!"

గండభేరుండం రెండు తలలూ కోపంతో ఒకదాన్నొకటి పొడుచుకున్నాయి. ఎదురుగా, అలల మీద నల్లని ఉంగరంలా వలయదుర్గం కనబడింది. దాని బురుజుల మీద వాడి శూలాలు ఎండకు మెరుస్తున్నాయి. సరిగ్గా వాటి పైకి రాగానే పక్షి రెక్కలు ముడిచింది. కళ్ళూ, ముక్కులూ, గోళ్ళూ కరిగి మళ్ళీ పొగైపోయాయి. యువరాజు పిడికిట్లో చారెడు నల్లని మసి మిగిలింది.

పడిపోతున్నాడు. గాలి చెవుల్లో హోరెత్తింది. శూలాలు ఒక్కొక్కటే పెద్దవవుతున్నాయి. అంతలో పై అంతస్తు గవాక్షంలోంచి నడుము దాకా బయటికి వంగి, హేమలేఖ శక్తి కొద్దీ కేక పెట్టింది.

"తమ్ముడూ, ఎడమకి! ఎడమకి తిరుగు!"

ఎడమ వైపు, శూలాల వరస అవతల ఉన్న నీళ్ళు అతనికి కనబడలేదు. ఖడ్గాన్ని గుండెకు హత్తుకుని, కళ్ళు మూసుకుని, ఒళ్ళంతా మెలితిప్పి ఎడమకి తిరిగాడు.